కుక్కచూపులు

కొత్త ఇంటికి వెళితే ఎవరైనా ముందు గోడమీద ఫొటోలు చూస్తారు. కుర్చీలో కూర్చుని, ఫ్యాను వేసినందుకు థాంక్స్ చెప్పి, మంచినీళ్ళు తాగుతారు. ఎక్స్‌రే మాత్రం ముందు చెత్తబుట్ట చూస్తుంది.

ఆ పేరు పెట్టింది కుక్కల షెల్టర్‌లో వాళ్ళు. వారమంతా ఆమె ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. ఎవరో కష్టపడి రాసిన ప్రోగ్రాము ఎక్కడ చతికిలబడుతుందో కనిపెట్టి, నవ్వుతూ వాళ్ళకి చెప్పడం ఉద్యోగం. "అంతా బాగానే పనిచేస్తోంది" అన్న మాట వింటే చాలు, ఆమెకు ఎక్కడో ఏదో దాచారని అనిపిస్తుంది. సెలవు రోజున ఆ బుద్ధినే ఉచితంగా షెల్టర్‌కి ఇస్తుంది. కుక్కను పెంచుకుంటామని అడిగినవాళ్ళ ఇంటికి వెళ్ళి, గేటు సందులు చూసి, మనుషుల్ని మాటల్లో పెట్టి, ఇవ్వచ్చో లేదో చెప్పాలి. ఈ తతంగాన్ని షెల్టర్‌లో కుక్కచూపులు అంటారు. పిల్ల తరఫువాళ్ళు అడిగే ఆరాలన్నీ ఇక్కడ కుక్క తరఫున ఎక్స్‌రే అడుగుతుంది. పిల్ల తరఫువాళ్ళు మొహమాటపడతారు, అంతే తేడా.

షెల్టర్ నడిపే ఆవిడను చిన్నాపెద్దా అందరూ పెద్దమ్మ అంటారు. ఆవిడకున్నది ఒకే రూలు. మాంసమో గుడ్లో తినే ఇంటికి కుక్కను ఇవ్వకూడదు. షెల్టర్‌లో పనిచేసేవాళ్ళూ ముట్టకూడదు. "ఒక జంతువుని ముద్దు పెట్టుకున్న నోటితోనే ఇంకో జంతువుని నమిలేవాళ్ళు, రేపు కాస్త కష్టమొస్తే ఈ జంతువుని కూడా రోడ్డున వదిలేస్తారు" అని ఆవిడ నమ్మకం. ఆ వాదంలో చిల్లు ఎక్కడుందో ఎక్స్‌రేకి మొదటి రోజే కనిపించింది. కానీ చెప్పలేదు. అది చెప్పాలంటే దానికంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి.

ఎక్స్‌రే తింటుంది. లొట్టలేసుకుని తింటుంది.

తను ఒక్కతే ఉండే గదిలో సెలవు రోజు పొద్దున్నే కిటికీలు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, తలుపు కింది సందులో తడిబట్ట కుక్కి, మాంసం వండుకుంటుంది. తిన్నాక నిమ్మతొక్కలు మరిగిస్తుంది, తలస్నానం చేస్తుంది, పళ్ళు రెండుసార్లు తోముకుంటుంది. షెల్టర్ బండి నడిపే డ్రైవరు అదే వీధిలో ఉంటాడు మరి. ఇన్ని జాగ్రత్తలు తీసుకుని షెల్టర్‌కి వెళితే, కుక్కలన్నీ మిగతావాళ్ళని వదిలేసి పరుగెత్తుకొచ్చి ఆమె వేళ్ళే నాకుతాయి. "చూశారా, ఆ పిల్ల చేతిలోనే దయ ఉంది" అని పెద్దమ్మ మురిసిపోతుంది.

దయ ఉంది, అందులో అబద్ధం లేదు. బండి కింద పడ్డ కుక్కపిల్ల కోసం ఆఫీసులో మీటింగు మధ్యలో లేచి వచ్చేసిన మనిషి ఆమె. మానేద్దామని కూడా చూసింది. చాలాసార్లు మానేసింది. మానేసిన కొద్ది రోజులకే, ఎవరో తెరమీద పట్టికలు చూపించి మాట్లాడుతుంటే, ఆమె కళ్ళముందు ఎర్రగా వేగిన ముక్కలు గింగిరాలు తిరిగేవి.

ఈసారి చూపులు తాతగారికి. తాతగారంటే షెల్టర్‌లోకెల్లా ముసలి కుక్క. ఒక కంట్లో పొర, వెనక కాళ్ళలో వాతం, ఎవరిని చూసినా లేవకుండానే తోకతో నేలమీద దరువు. ఇన్నాళ్ళలో ఆయన్ని ఒక్కరూ అడగలేదు. షెల్టర్‌లో చోటు చాలక, ఎవరూ అడగని కుక్కల్ని ఊరి బయట యార్డుకి పంపేస్తున్నారు. అక్కడ వరసగా గొలుసులు, అన్నిటికీ కలిపి ఒక కాపలా మనిషి. అక్కడికి వెళ్ళిన ముసలి కుక్కల కబురు మళ్ళీ రాదు. యార్డుకి బండి ఎల్లుండే. సరిగ్గా ఇప్పుడే ఒక దర్జీ, ముసలి కుక్కే కావాలని అడిగాడు.

కావాలని ముసలి కుక్కని ఎవరడుగుతారు? ఎక్స్‌రేకి అక్కడే మొదలైంది అనుమానం.

కింద కొట్టు, పైన ఇల్లు. దర్జీకీ, ఆయన అక్కకీ ఇద్దరే కాపురం. ఆయన మెడలో టేపు, చెవిమీద సుద్దముక్క, నోట్లో సగం మింగిన మాటలు. అక్క మాత్రం మనిషి నిండుగా, నోరు ఇంకా నిండుగా.

"రామ్మా, రా. మూలమూలలూ చూసుకో. మంచాల కింద కూడా చూడు, కావాలంటే మా తమ్ముణ్ణి వంగోబెడతాను," అంది అక్క.

ఎక్స్‌రే సంచిలోంచి అయస్కాంతం తీసి కొట్టు నేలంతా ఈడ్చింది. కుక్క పాదంలో గుండుసూది దిగితే ఎంత పనో ఆమెకి తెలుసు. అయస్కాంతానికి ఒక్క సూది కూడా అంటలేదు. సూదుల్లేని దర్జీ కొట్టు! ఆమె అనుమానం లేచి కూర్చుంది.

"ముసలి కుక్కే ఎందుకండీ?" అని అడిగింది.

దర్జీ టేపు సరిచేసుకున్నాడు. "చిన్నదైతే ఆడించాలి కదండీ. నాకు ఆడటం రాదు. కూర్చోవడం వచ్చు."

"వీడికి రోజంతా కూర్చునే పనే," అంది అక్క. "పక్కన ఇంకొకళ్ళు కూర్చుంటే బాగుండునని వీడి కోరిక. నేను కూర్చుంటే మాట్లాడతానట. మాట్లాడనివాళ్ళు కావాలట."

జవాబు బాగుంది. మరీ బాగుంది. వంటగది చూస్తానంది ఎక్స్‌రే.

వంటగదిలో కాలు పెట్టగానే ఆమె చుట్టూ చూసింది. పొయ్యి మీద ఏమీ లేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది. ఎండ కాస్తుంటే కిటికీ బిగించి ఉంది. చెత్తబుట్టలో ఒక కుప్ప నిమ్మతొక్కలు, నిమ్మకాయ పిండిన గుర్తు ఎక్కడా లేదు. కత్తిపీట తెల్లగా మెరుస్తోంది. తన గదే ఎవరో పెద్దది చేసి ఇక్కడ పెట్టినట్టుంది. దొంగని పట్టుకున్న సంబరమూ, దొంగ తనలాగే ఉన్నాడన్న గుబులూ ఒకేసారి కలిగాయి.

కుక్కరు మూత తీసి, అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. "దీని రబ్బరు ఎప్పుడు మార్చారు?"

"నిన్ననేనండీ," అన్నాడు దర్జీ. అక్క మోచెయ్యి ఆయన డొక్కలోకి చేరేసరికే ఆలస్యమైపోయింది.

అక్క ఎక్స్‌రే వంక చూసింది. పై నుంచి కిందకి, మళ్ళీ కింద నుంచి పైకి. "రబ్బరు గురించి ఎందుకడిగావమ్మా?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా వయసడుగుతారు, జీతమడుగుతారు. రబ్బరు అడగరు. గిన్నెకి పట్టిన వాసన తోమితే పోతుంది. రబ్బరుకి పట్టింది చచ్చినా పోదు, మార్చాల్సిందే. ఏ వాసన సంగతమ్మా ఇది? పప్పు వండుకుని వాసన దాచుకునేవాళ్ళని నేనైతే చూడలేదు. నువ్వు చూశావా?"

ఇంతమంది ఇళ్ళలో ఇన్ని తప్పులు పట్టిన మనిషికి, తను చేసిన తప్పు ఎదురుగా కూర్చుని పలకరించింది.

"తమ్ముడూ, కింద తలుపు గడియ పెట్టు," అంది అక్క.

"గడియెందుకండీ?" ఎక్స్‌రే గొంతు పీలగా వచ్చింది.

"జాకెట్లకొచ్చేవాళ్ళు వాసనకొచ్చేస్తారు. ఒరే, అలాగే ఆ గిన్నె పట్రా."

గిన్నె ఎక్కడ దాచారంటే, కొట్టులో బట్టలు తొడుక్కుని చూసుకునే తెర వెనక, స్టూలు మీద, మీటర్ల కొద్దీ లైనింగు గుడ్డలో చుట్టి. మిరియాలు దట్టంగా వేసి, ముక్క ఎముకని వదిలేదాకా వేయించిన మాంసం. మూత తీయగానే ఎక్స్‌రే నిర్ణయాలన్నీ నీరుకారిపోయాయి. వద్దండీ అంది. ఒక్క ముక్కే అంది. గిన్నె తనవైపు జరుపుకుని రెండోసారి తనే వడ్డించుకుంది.

"నేను మాంసం కొట్టుకెళ్ళినప్పుడు ఆ బోనుల వైపు చూడలేనమ్మా," అంది అక్క, ఎముక పీలుస్తూ. "వీధివైపు తిరిగి నిలబడతాను. కొట్టతనికి తెలుసు. పని అయ్యాక సంచి తెచ్చి నా చేతికి తగిలిస్తాడు. పట్టుకుని వెనక్కి చూడకుండా వచ్చేస్తాను. దార్లో పిల్లి కనిపిస్తే దానికో ముక్క పెడతాను."

"నేనసలు వెళ్ళనే వెళ్ళనండీ. పాపం, చూడలేను," అన్నాడు దర్జీ.

"అబ్బో, మహా దయామయుడు! కోసిన పాపం కొట్టువాడికి, మోసిన పాపం నాకు, రుచి మాత్రం వీడికి."

ఎక్స్‌రే పొలమారేలా నవ్వింది. ఇన్నాళ్ళకి ఒకరి ఎదురుగా కూర్చుని తింటోంది. "మరి మీకు బాధనిపించదా అక్కయ్యగారూ?"

"ఎందుకనిపించదూ? బాధ నిజమే. ఆకలి నిజమే. రెండూ నిజమైతే దేన్ని బయటికి పొమ్మంటాం? ఇద్దరు తోడికోడళ్ళలాగా ఒకే ఇంట్లో పడుంటాయి." అక్క ఇంకో గరిటె వేసి, తృప్తిగా చెయ్యి తుడుచుకుంది. "పోనీలే. ఇంక నువ్వు మా మనిషివి."

ఆ మాటతో ఎక్స్‌రే చేతిలో ముద్ద ఆగిపోయింది.

షెల్టర్‌కి వెళ్ళే దారి పొడుగునా అదే మాట గీరుతోంది. ఇల్లు మంచిదే అనిపిస్తోంది, సరే. మంచిది కాబట్టి అనిపిస్తోందా, తిన్నది అరగలేదు కాబట్టి అనిపిస్తోందా? తను కాదంటే వాళ్ళు తన సంగతి పెద్దమ్మకి చెబుతారన్న భయమా? ఆ గిన్నె ప్రేమతో పెట్టారా, నోరు మూయించడానికి పెట్టారా? టెస్ట్ చేసే మనిషే పాడైతే ఆ రిజల్టుని నమ్మేదెలా?

షెల్టర్‌లో పెద్దమ్మ తాతగారి కంట్లో చుక్కలు వేస్తోంది. "ఏమైనా వాసన తగిలిందా?"

"ఇంకోసారి చూస్తే మంచిదనిపిస్తోంది పెద్దమ్మా."

పెద్దమ్మ చుక్కల సీసా పక్కన పెట్టింది. "నువ్వు ఇంకోసారి చూడటమేమిటి? గుమ్మంలోనే తేల్చేసే దానివి. మొహం ఎందుకలా పెట్టావ్?"

"ఏం లేదు. వాళ్ళు బానే ఉన్నారు."

"బానే ఉంటే ఇంకోసారెందుకు? బాలేకపోతే ఆ మాటెందుకు?" పెద్దమ్మ సీసాకి మూత పెట్టింది. "ఎల్లుండి నేనూ వస్తాను. తాతగారిని బండిలో వేసుకునే వెళదాం. ఇల్లు సరైందైతే దింపేద్దాం. కాకపోతే అటునుంచి అటే యార్డుకి."

మర్నాడు ఆఫీసులో భోజనాల వేళ ఎక్స్‌రే ఫోను తీసి, "పెద్దమ్మ వస్తున్నారు, జాగ్రత్త" అని అక్కకి మెసేజ్ టైప్ చేసింది. చూసుకుంది. చెరిపేసింది. ముందే చెబితే మళ్ళీ నిమ్మతొక్కలే కనిపిస్తాయి. ఎవరూ రారనుకున్నప్పుడు వాళ్ళెలా ఉంటారో చూడాలని ఉంది ఆమెకి. కానీ ఆ ముచ్చటకి మూల్యం తాతగారు చెల్లించాలేమో. మళ్ళీ టైప్ చేసింది. మళ్ళీ చెరిపేసింది.

చెప్పకుండానే వెళ్ళారు.

కొట్టు తలుపు తీసే ఉంది. నేలంతా గుడ్డముక్కలు, దారాలు, మధ్యమధ్య మెరుస్తున్న గుండుసూదులు. పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. తాతగారు మాత్రం ఆగలేదు, గాలి పీలుస్తూ తూలుతూ లోపలికి నడిచాడు. "అయ్యయ్యో, ఆగండి ఆగండి!" అంటూ దర్జీ మిషను మీంచి దూకి, నేలమీద పడి, కుక్క పాదాల ముందు రెండు అరచేతులతో ఊడ్చుకుంటూ వెనక్కి పాకాడు. సూదులు చేతుల్లో గుచ్చుకుంటే కుయ్యిమన్నాడు గానీ ఊడ్చడం ఆపలేదు. తాతగారు ఆ దారిలో పెళ్ళికొడుకులా దర్జాగా నడిచి వచ్చాడు.

ఇది ఎవరికో చూపించడానికి చేసింది కాదు. ఎక్స్‌రే ఒక ఊపిరి వదిలింది.

రెండో ఊపిరి వదిలేలోపు పైనుంచి కుక్కరు కూత వేసింది.

పెద్దమ్మ తల పైకెత్తింది. ఇంకేమీ అడగకుండా మెట్లెక్కింది. దర్జీ తాతగారిని గుడ్డల థానులా భుజాన వేసుకుని వెనకే పరుగెత్తాడు. వంటగదిలో అక్క కుక్కరుకి అడ్డంగా నిలబడి ఉంది.

"ఏమిటా వాసన?" అంది పెద్దమ్మ.

"సోయా అండీ. సోయా ముక్కలు."

"మూత తియ్యండి."

"ప్రెషర్ ఉంది కదండీ. ఇప్పుడు తీస్తే మూతా, మన మూతులూ కలిసే లేస్తాయి."

నిజమే. పొయ్యి కట్టేశారు. ఇక చేసేదేమీ లేక నలుగురూ కుక్కరు చుట్టూ నిలబడ్డారు. అది బుస్సుమంటూ కొద్దికొద్దిగా ఆవిరి వదులుతోంది. తాతగారు దర్జీ భుజం మీంచి మెడ చాచి, కళ్ళు మూసుకుని వాసన పీలుస్తున్నాడు. నోట్లోంచి నీళ్ళు ధారగా కారి దర్జీ చొక్కా తడిపేస్తున్నాయి. ఆ గదిలో అబద్ధమాడనిది ఆయన ఒక్కడే.

పెద్దమ్మ ఎక్స్‌రే వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీ ముక్కుని నమ్ముతాను. సోయానా?"

అక్క కళ్ళతో బతిమాలింది. దర్జీ నేలచూపులు చూశాడు. సోయా అంటే ఆవిరి దిగేదాకా అందరికీ పరువు దక్కుతుంది. ఆ తర్వాత మూత తీస్తారు. తాతగారు యార్డుకి వెళతాడు. మాంసం అంటే ఇప్పుడే వెళతాడు. ఏ దారిలో వెళ్ళినా యార్డే వస్తోంది. ఆ రెండు దారులూ పనికిరావని టెస్టర్‌గా ఆమెకి తెలుస్తూనే ఉంది. ఇంకోదాన్ని తనే వెయ్యాలి.

"కాదు పెద్దమ్మా. మాంసమే. మిరియాలు కాస్త ఎక్కువ వేస్తారు. మొన్న వచ్చినప్పుడు నేను రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను."

"ఓసి నీ దుంపతెగ!" అక్క నుదురు కొట్టుకుంది. "ప్రెషర్ దిగేదాకా అయినా గౌరవంగా బతకనిచ్చావు కాదు కదే!"

పెద్దమ్మ గోడకి చెయ్యి ఆనించింది. "నువ్వా? ఎప్పటినుంచి?"

"పళ్ళొచ్చినప్పటినుంచి."

పెద్దమ్మ అరుస్తుందనుకుంది. అరవలేదు. నెమ్మదిగా అడగడం మొదలుపెట్టింది. అది అరుపు కంటే కష్టంగా ఉంది. "ఆ బ్యాంకులో పనిచేసే దంపతుల్ని ఎందుకు కాదన్నావు?"

"ఫ్రిజ్‌లో గుడ్లున్నాయి."

"ఆ నర్సుని?"

"చెత్తబుట్టలో ఎముక."

"ఆ కుక్కలేవి ఇప్పుడు?"

"యార్డులో."

"నా రూలు నాది. నేను తినను, తినేవాళ్ళని నమ్మను. తప్పో ఒప్పో, దాన్ని నేను మోస్తున్నాను. నువ్వు ఇంట్లో తినొచ్చి, మూతి తుడుచుకుని, వాళ్ళ ఎముకలు లెక్కపెట్టావు."

"అవును పెద్దమ్మా." ఎక్స్‌రే తలొంచుకుంది. అయినా ఆగలేదు. "కానీ వాటిని యార్డుకి పంపింది మనమే. తినేవాళ్ళు కష్టమొస్తే వదిలేస్తారంటారు మీరు. చోటు చాలకపోతే మనమేం చేస్తున్నాం? ఏమీ తినకుండానే వదిలేస్తున్నాం కదా?"

కుక్కరులో ఆవిరి ఎప్పుడు ఆగిపోయిందో కూడా ఎవరూ గమనించలేదు. దర్జీ బరువు ఓర్చుకోలేక తాతగారిని మెల్లగా నేలమీద దింపి, తను కూడా పక్కనే చతికిలబడ్డాడు. గుచ్చుకున్న చేతులు వెనక్కి దాచుకున్నాడు. కుక్క ఆ చేతులు వెతుక్కుంటూ ఆయన వీపు చుట్టూ తిరిగింది.

పెద్దమ్మ వాళ్ళిద్దరినీ చూసింది.

"మీ ముగ్గురిలో ఒక్కరిని కూడా నమ్మను," అంది చివరికి. "కుక్కని ఇచ్చేశానని అనుకోవద్దు. ఉంచుతున్నాను. వస్తుంటాను. ఎప్పుడొస్తానో చెప్పను. నమ్మితే రాను కదా."

"తప్పకుండా రండి," అంది అక్క. తర్వాత నాలుక కరుచుకుని, "మీరొచ్చిన రోజు పప్పు వండుతాను," అంది.

"చెప్పకుండా వస్తానంటుంటే పప్పెలా వండుతారు?" పెద్దమ్మ విసుక్కుంది. "ఆయనకి పెట్టే ముక్కలు వేరే ఉడికించండి. ఉప్పూ ఉల్లిపాయా తగలకూడదు." అని గిర్రున తిరిగి ఎక్స్‌రేని చూసింది. "నువ్వు బండెక్కు. యార్డుకి ఎలాగూ వెళ్ళాలి. ఖాళీగా వెళ్ళి నిండుగా వద్దాం. కాదన్న గుమ్మాలన్నీ మళ్ళీ నువ్వే ఎక్కాలి. ఎక్కగానే ముందు నీ సంగతి చెప్పాలి. అది విన్నాక కూడా వాళ్ళు లోపలికి రానిస్తే, అప్పుడు చూడు ఇల్లు."

యార్డు నుంచి వస్తుంటే మొదటి గుమ్మం నర్సుది. ఎక్స్‌రే చెప్పాల్సిన మాటని బండిలో చాలాసార్లు అనుకుంటూ వచ్చింది. బెల్లు కొట్టేసరికి అందులో సగం ఎగిరిపోయింది.

తలుపు గొలుసు ఉన్నంత మేరే తెరుచుకుంది. ఆ సందులోంచి డ్యూటీ బట్టల్లో ఉన్న నర్సు ఆమెను గుర్తుపట్టింది. "మళ్ళీ వచ్చావా? ఈసారి ఏం కెలకడానికి? చెత్త ఇందాకే పారబోశాను."

"నేనూ తింటానండీ," అంది ఎక్స్‌రే.

నర్సు కళ్ళు చిట్లించింది. ఎక్స్‌రే చెప్పుల నుంచి జుట్టుదాకా చూసింది. సంచి చూసింది, చేతులు చూసింది, వెనకెవరైనా ఉన్నారేమోనని చూసింది. ఇన్ని ఇళ్ళు చూసొచ్చిన ఎక్స్‌రేకి, అవతలివైపు నిలబడటం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"అయితే? ఈ మాట చెప్పడానికే వచ్చావా?"

"అప్పుడు మీకు ఇవ్వాల్సింది. నేనే కాదన్నాను. మీ తప్పేం లేదు."

నర్సు నమ్మిందో లేదో మొహంలో ఏమీ తెలియలేదు. గొంతు తగ్గించి, "ఉందా అది?" అంది.

"ఉంది. కింద బండిలో ఉంది. కాస్త చిక్కింది."

తలుపు మూసుకుంది. ఎక్స్‌రే అక్కడే నిలబడింది. లోపల గొలుసు తీసిన చప్పుడయింది, తలుపు పూర్తిగా తెరుచుకుంది. నర్సు ఆమెకి దారి ఇవ్వలేదు, గుమ్మానికి అడ్డంగానే నిలబడి మెట్ల వైపు చెయ్యి చూపించింది.

"ముందు దాన్ని తీసుకురా. నీ సంగతి తర్వాత చూస్తాను."